కిష్టక్క నల్లా నీళ్ళు తాగింది

జూన్ 9

ఇందుమూలంగా సకల జనులకు, ముఖ్యంగా మా ఇంట్లో ఉన్న ఏకైక జనమైన నా భార్య స్టెల్లాకు తెలియజేయునది ఏమనగా: నేటినుండి నా నీలం పెన్నుతో కూరగాయల చీటీ రాయుట నిషేధం. పెరుగన్నంలో దానిమ్మ గింజలు కలుపుట నిషేధం. నా ఎడమకాలి చెప్పు కుడికాలి చెప్పుకన్న ముందు అరుగుచున్నందున దీనిపై విచారణ సంఘం వేయడమైనది. సంఘానికి అధ్యక్షుడు, సభ్యుడు, సాక్షి, ముద్దాయి తరఫు వకీలు అన్నీ నేనే. ఈ ప్రకటనను ధిక్కరించిన వారికి మూడు పూటలు నా పాట వినిపించబడును.

ఇట్లు, ఫిలిప్. ఏడో తరగతి, రెండుసార్లు. పుప్పాలగూడ నీళ్ళ లైన్‌మన్, కాంట్రాక్టు.

పైపుల షాపాయన పోయినేడాది డైరీ ఒకటి మిగిలిందని ఇచ్చిండు. తారీఖులు కలుస్తయి, వారాలు కలవవు. స్టెల్లా అన్నది, "నీ నోటికి ఏదో ఒక పని ఉండాలె గద, ఇండ్ల రాసుకో. ఊర్ల వాళ్ళకన్న జర శాంతి దొరుకుతది."

ఇంతకన్న మంచి ఆశీర్వాదం ఏ పాస్టరూ చెయ్యలే.

జూన్ 10

నీళ్ళ రోజు. రోజు విడిచి రోజు పుప్పాలగూడ గల్లీకి నీళ్ళు. ఆరింటికి వాల్వు తిప్పిన.

కిష్టక్క ఇంటి ముందల ఆకాష్ నిలబడ్డడు. ఐటీ పిలగాడు, కిష్టక్క మెస్సుల తింటడు. పొద్దున్నే టిఫిను, మధ్యాహ్నం డబ్బా. ఆమె చేతి వంట లేకుంటే వాడు ఏనాడో పిజ్జా తిని పోయెటోడు.

"అంకుల్, ఆ గొట్టంలో ఏం చూస్తారు రోజూ?" అన్నడు.

"నీ జాతకం," అన్న. తర్వాత జాలేసి చెప్పిన. ట్యాంకు కాడ నీళ్ళల్ల క్లోరిన్ కలుపుతరు. అది చివరి నల్లా దాకా బతికుండాలె. గాజు గొట్టంల నీళ్ళు పట్టి చుక్కల మందేస్తే పసుపు వచ్చిందా, కాపలా ఉన్నట్టు. తెల్లగ ఉండిపోయిందా, కాపలావాడు దారిల సచ్చినట్టు. ఈ లైనుకు చివరి నల్లా కిష్టక్కదే. పక్కింటోళ్ళు ఇల్లు ఖాళీ చేసి ఎనక టవర్ల ఫ్లాట్ కొనుక్కున్నరు. ముప్పై రెండంతస్తులు. కిష్టక్క వాకిట్లకు ఎండ నేరుగ రాదు, టవర్ అద్దాలకు తగిలి వస్తది.

అంతట్ల కిష్టక్క నల్లాను తిట్టుడు మొదలువెట్టింది, ధార సన్నగొస్తున్నదని. నాకు ఆగుతదా?

"అక్కా, మెల్లగ. నల్లాకు చెవులుంటయి. తిట్టినోళ్ళ నీళ్ళు వాపస్ తాగుతది. గోపన్‌పల్లిల ఒకామెకు బిందె మొత్తం తాగింది."

"నీ మొఖం తాగ! అరవయ్ ఆరేండ్లొచ్చినయి నాకు. నీ అసుంటి ఎదవలను ఎంతమందిని చూసిన్నో," అన్నది. గని నల్లాను తిట్టుడు బంద్ చేసింది. నేను పోయెటప్పుడు చూసిన, నల్లా మెడను కొంగుతోటి తుడుస్తున్నది.

బండి మీద ఇంటికి, గోపన్‌పల్లి దాకా, నవ్వుకుంట వచ్చిన.

జూన్ 12

నీళ్ళ రోజు. ట్యాంకు కాడ క్లోరిన్ పాయింట్ ఎనిమిది. గల్లీ నడిమిట్ల పాయింట్ ఆరు. చివరి నల్లా, కిష్టక్క ఇల్లు, పొద్దున ఆరు ఇరవై, పాయింట్ నాలుగు. మంచి పసుపు. నిమ్మరసం లెక్క.

కిష్టక్క ఇయ్యాల నాకు వాపస్ ఇచ్చింది. నేను పోంగనే మొఖం తెల్లగ చేసుకుని, "తమ్మీ, నల్లా తాగింది ర," అన్నది.

"ఏం తాగింది, చాయా?"

"నీళ్ళు. ధార ఆగిందని బకీట్ల పైపు ముంచి నిలబడ్డ. సగం బకీటు లోపలికి గుంజింది. నా కండ్ల ముందల. నేను తిట్టలే తమ్మీ, ఒట్టు."

ఎంత బాగ నటించింది! చేతులు గూడ వణికించింది. ముప్పై ఏండ్ల సంది ఊరిని ఏడిపిస్తున్న, నాకు సరిజోడు ఇన్నాళ్ళకు దొరికింది. చప్పట్లు కొట్టిన. ఆమె నన్ను చూసి నవ్వలే. చాయ్ ఇచ్చి లోపలికి పోయింది.

జూన్ 13

ఏం లేదు. చెప్పు విచారణ వాయిదా.

జూన్ 14

కిష్టక్క ఇంటికి తాళం. నల్లా వాకిట్ల లోపల ఉంటది, టెస్ట్ చెయ్యరాదు. రిజిస్టర్‌ల "తాళం" అని రాసిన.

సరే, ఊకె ఎందుకని వాల్వు మీద ఇనుప రాడ్ పెట్టి చెవి ఆనించిన. లీకేజీ ఉంటే రాడ్‌ల వినబడుతది. మంచి లైనైతే బుస్సుమని ఒకటే తీరు పాట. లీకైతే చిర్రుమంటది. ఇరవై ఏండ్ల సంది వింటున్న, ఏ పైపు ఏం మాట్లాడుతదో నాకు ఎరుకే.

ఇయ్యాల విన్నది ఎన్నడు వినలే. గుటక. పసిపిల్ల పాలు తాగినట్టు. గుటక, జర ఆగుడు, గుటక. చెవి తీసిన. చుట్టు చూసిన. ఆరున్నర దాటింది, ఆఫీసు బస్సులు పోతున్నయి, ఎండొచ్చింది. మల్ల చెవి పెట్టిన. బుస్సు. అంతే.

పొద్దుగూకాల స్టెల్లా డ్యూటీ దిగొచ్చింది. దవాఖానల ఆయా పని. చెప్పులు ఇప్పకముందే అన్నది, "మీ పుప్పాలగూడ ముసలామె ఒకామెను తెచ్చిండ్రు. వాంతులు, విరేచనాలు. ఆమెతోటి నలుగురు ఆఫీసు పిల్లలు. అందరూ ఒకటే మెస్సు అంట."

"పేరేంది?"

"కిష్టమ్మ."

జూన్ 15

చర్చికి పోలే. దవాఖానకు పోయిన.

కిష్టక్క మంచంల కొంగంత అయ్యింది. చేతికి సెలైన్. ఎప్పుడు చూసినా కయ్యుమనే మనిషి కండ్లతోటి మాట్లాడుతున్నది. పక్క వార్డుల ఆకాష్, ఇంకా ముగ్గురు. అన్నం తిన్నోళ్ళు మస్తుమంది, వాళ్ళకేం కాలే. పచ్చి నీళ్ళతోటి చేసిన మజ్జిగ తాగినోళ్ళే పడిపోయిండ్రు.

"తమ్మీ," అన్నది. "నల్లా..."

"పండుకో అక్కా."

బయట రసజ్ఞ మేడమ్ నిలబడ్డది. మా సెక్షను ఇంజినీరు, కాకినాడ దిక్కు పిల్ల, ఉద్యోగంల చేరి ఏడాది కాలే. నన్ను గూడ గారు అంటది. మొదట్ల నన్ను కాదనుకుని ఎనకకు తిరిగి చూసేటోణ్ణి.

"ఫిలిప్ గారూ, పన్నెండో తారీఖు ఆవిడ నల్లా రీడింగ్ ఉందా అండి?"

"ఉంది మేడమ్. పాయింట్ నాలుగు. శనగపిండి కలిపినట్టు పసుపు."

"మీరే చూశారా?"

"నేనే మేడమ్. ఆరు ఇరవైకి."

ఆమె ఊపిరి వదిలింది. "అయితే లైను బాగానే ఉంది. ఆవిడ నిల్వ చేసుకునే డ్రమ్ము నీళ్ళు టెస్టుకి పంపిద్దాం అండి. పాపం, పెద్దావిడ. ఆవిడేమైనా కంప్లైంట్ ఇచ్చారా ఆ రోజు?"

"లేదు మేడమ్. ఊకె జోకులాడుకున్నం."

జోకులే గద. జోకులే.

జూన్ 16

నీళ్ళ రోజు. మేడమ్ స్వయంగ వచ్చింది, పొద్దున ఏడింటికి. కిష్టక్క తాళంచెవి నిన్ననే దవాఖానకెళ్ళి తెప్పించి డ్రమ్ము నీళ్ళు టెస్టుకు పంపిండ్రు. మేడమే గొట్టం పట్టింది, మేడమే చుక్కలేసింది. పసుపు. పాయింట్ నాలుగు. "చూశారా, మీ రీడింగే వచ్చింది అండి," అన్నది నవ్వుకుంట. నాకు గూడ మనసు తేలికైంది. చెప్పిన గద, పసుపే వస్తదని.

డ్రమ్ము నీళ్ళ రిపోర్టు సాయంత్రం వచ్చింది. మురుగు మోరీ పురుగులన్ని అండ్లనే ఉన్నయంట.

నల్లా మంచిది, డ్రమ్ము చెడ్డది. ఆరోగ్యశాఖోళ్ళు కిష్టక్క తలుపుకు కాయితం అంటించిపోయిండ్రు. శుభ్రత లేని కారణంగా మెస్సు మూసివేయడమైనది, తుది నిర్ణయం ఇరవై నాలుగో తారీఖు విచారణలో. గల్లీల ఆడోళ్ళు ఆ కాయితం ముందల నిలబడి ముక్కులకు కొంగులు పెట్టుకున్నరు. ఆ డ్రమ్ము కిష్టక్క చింతపండు వేసి తోముతది. నేను ఎన్నిసార్లు చూసిన్నో.

మరి పసుపు నీళ్ళు డ్రమ్ముల పడంగనే మోరీ నీళ్ళెట్లయినయ్?

జూన్ 17

పసుపు వచ్చింది. పన్నెండున పసుపు వచ్చింది. బంతిపువ్వు రంగు. ఎండల పెట్టి చూసిన.

జూన్ 18

రాయాలంటే చెయ్యి వస్తలేదు. మెల్లగ రాస్త.

కిష్టక్క చీరె, దువ్వెన తెమ్మని తాళంచెవి ఇచ్చింది. నీళ్ళ రోజు. వాల్వు తిప్పి ఆరుంబావుకే ఆమె వాకిట్లకు పోయిన. టవర్ అద్దాల మీదికెళ్ళి ఎండ వచ్చి వాకిలంత రాగి రంగు పట్టింది. మనిషి చప్పుడు లేదు. గోలెం, బోర్లించిన గిన్నెలు, ఖాళీ డ్రమ్ము. నల్లా తిప్పిన.

ధార వచ్చింది. గొట్టం తీద్దామని సంచి జిప్పు లాగిన. అంతట్ల ధార సన్నబడ్డది. దారమైంది. చుక్కలైంది. ఆగింది.

ఆగినంక నల్లా మూతిల ఒక చప్పుడు. బయటకొచ్చే చప్పుడు కాదు. లోపలికి పోయే చప్పుడు. మనిషి దమ్ము గుంజినట్టు.

గోడ పక్కన కరివేపాకు చెట్టు. ఒక ఆకు తెంపి నల్లా మూతి కాడ పెట్టిన. వేళ్ళల్లకెళ్ళి జారి లోపలికి పోయింది. నేను వదల్లే. గుంజుకుంది.

ఏలు పెట్టిన.

పట్టుకుంది. చల్లగ, మెత్తగ, పండ్లు లేని నోరు లెక్క. తియ్యబోతే రాలే. టప్పుమని ఊడినంక చూస్తే ఏలు కొనకు గుండ్రంగ ఎర్రటి వాత.

చెంబుల గోలెం నీళ్ళు తెచ్చి నల్లా మూతికి ఆనించిన. చెంబుల నీళ్ళు దిగుతున్నయి. గుటక. గుటక. అదే చప్పుడు, రాడ్‌ల విన్నదే. చెంబు ఖాళీ అయ్యేదాక నేను దానికి తాపిన. ఎందుకు తాపిన్నో నాకే తెల్వది. నవ్వు రాలే. నోట్లకెళ్ళి గోపన్‌పల్లి ఆమె బిందె కథ పుట్టించినోణ్ణి నేనే, గా బిందె నా ముందల నిలబడ్డట్టనిపించింది.

ఆరూ నలభైకి నల్లా దగ్గింది. మట్టి రంగు నీళ్ళు కక్కింది. మోరీ వాసన. ఆ నీళ్ళ మీద తేలుకుంట నా కరివేపాకు బయటకొచ్చింది.

ఏడింటికి నీళ్ళు తెల్లగయినయి. చుక్కలేసిన. పసుపు.

చీరె, దువ్వెన మర్చిపోయిన.

జూన్ 19

మేడమ్‌కు చెప్పిన. నవ్వుతదనుకున్న. నా పేరు అట్లాంటిది. మేడమ్ నవ్వలే. నా ఏలు పట్టి వాత చూసింది.

"మోటర్ అండి," అన్నది. "ఎవరో మన లైనుకే డైరెక్టుగా మోటర్ బిగించారు. అది లాగినంతసేపు చివరి నల్లాలో నీళ్ళు వెనక్కి పోతాయి. పైపుకి ఎక్కడైనా పగులుంటే పక్కనున్న మురుగు లోపలికి వస్తుంది. మోటర్ ఆగాక మామూలే. అందుకే పదహారున నేను ఏడింటికి చూస్తే బాగానే ఉంది."

అంత సాఫ్‌గ చెప్పింది. దయ్యం లేదు, భూతం లేదు. నాకు మాత్రం భయం తగ్గలే. పెరిగింది. ఎందుకంటే ఆమె మాట అక్కడ ఆపి, రిజిస్టర్ తెరిచి, పన్నెండో తారీఖు గీత మీద ఏలు పెట్టి చాలాసేపు చూసింది.

ట్యాంకర్లు పెట్టి లైను బంద్ చేయించింది.

జూన్ 20

తవ్వినం. టవర్ గోడ ఎంబడి మోరీ, మోరీ కిందికెళ్ళి మన పాత ఇనుప పైపు. జాయింటు కాడ జానెడు పగులు. పగులు నిండ నల్లటి బురద, నోట్ల అన్నం ముద్ద పెట్టుకున్నట్టు. అక్కడికి పది అడుగులల్ల టవర్ కింది నీళ్ళ సంపుకు పోయే కనెక్షన్, దానికి మోటర్. నీళ్ళొచ్చే రోజల్లా ఆరుంబావు నుంచి ఆరూ నలభై దాకా నడుస్తదని వాచ్‌మన్ చెప్పిండు. మోటర్ పీకేసినం. పగులు కోసి కొత్త పైపు వేసినం. లైనంత ఘాటు క్లోరిన్ నింపి, నిలవబెట్టి, కడిగినం. కండ్లు మండినయి. ఆ వాసన అంత మంచిగ ఎన్నడు అనిపియ్యలే.

ఇగ కిష్టక్క బయటపడ్డదనుకున్న.

టవర్ మేనేజరు వచ్చిండు, ఇస్త్రీ అంగి. "మేడమ్, మోటర్ పెట్టింది పదిహేనో తారీఖున. అంతకుముందు లేదు. కావాలంటే మీ రిజిస్టరే చూసుకోండి."

మేడమ్ నన్ను పక్కకు పిలిచింది. "ఆయన అబద్ధం చెప్తున్నాడనిపిస్తోంది అండి. కానీ పన్నెండున ఆరు ఇరవైకి మీరు ఆ నల్లా కింద నీళ్ళు పట్టారు, పసుపు వచ్చింది. మోటర్ నడుస్తుంటే ఆ టైముకి నల్లాలో నీళ్ళే రావు కదా? మీ రీడింగు ఉన్నంతవరకు ఆయన మాటే నిలబడుతుంది. వాళ్ళకి జబ్బు చేసింది డ్రమ్ము వల్లే అని రాయాలి నేను."

"అంతేగా మేడమ్," అన్న.

"మీరు ఖచ్చితంగా చూశారు కదా అండి?"

"చూసిన మేడమ్."

ఎడమకాలి చెప్పు దిక్కు చూసుకుంట చెప్పిన.

జూన్ 21

ఇంట్ల నల్లా తిప్పితే గుటక వినబడ్డది. మాది వేరే లైను. స్టెల్లాను పిలిచి వినమన్న. "నీళ్ళ చప్పుడే గదా," అన్నది. ఇంకోసారి వినమన్న. నా నుదురు మీద చెయ్యి పెట్టి చూసింది.

మంచినీళ్ళు తాగబోతే గ్లాసుల నీళ్ళు అద్దం లెక్క తెల్లగ. చుక్కల మందేసిన. పసుపొచ్చింది. మల్ల పట్టిన, మల్ల వేసిన. పన్నెండు గ్లాసులు. స్టెల్లా తలుపు కాడ నిలబడి ఏమనలే. ఆమె ఏమనకపోవుడు నా పెండ్లయినంక ఇదే మొదటిసారి.

జూన్ 22

కిష్టక్క ఇంటికొచ్చింది. ఆకాష్ గూడ నిన్ననే లేచిండంట, గని టవర్ల క్యాంటీన్‌ల తింటున్నడు. ఆమె దిక్కు రాలే. ఎవ్వలూ రాలే.

నేను పోయేవరకు వాకిట్ల కూసొని డ్రమ్ము తోముతున్నది. చింతపండు, ఇటుకపొడి. సెలైన్ సూది గుచ్చిన చెయ్యి ఇంకా ఉబ్బే ఉన్నది. నీలం డ్రమ్ము తెల్లగయ్యేదాక తోమింది.

"అక్కా, ఇగ చాలు."

"చాలదు తమ్మీ. నలుగురు పిల్లల పానం మీదికి తెచ్చిన. వాళ్ళ అమ్మలు ఎక్కడెక్కడో ఉన్నరు. నా చేతులు కడిగిన్నో లేదో ఆ రోజు, ఎంత యాది చేసినా వస్తలేదు."

"డ్రమ్ము కాదేమో అక్కా. నల్లా తాగిందని చెప్పినవ్ గద నాకు."

ఆమె తోముడు ఆపింది. నా దిక్కు చూడలే.

"అది నా భ్రమ తమ్మీ. జొరం అప్పుడే మొదలైందేమో. నువ్వు చూసినవ్ గద, పసుపే ఉండెనంట. నువ్వు చూసినంక ఇగ నా కండ్లదేముంది? కండ్లు పోయినయి నావి. నువ్వు ఎదవవే గని పనిల అబద్ధమాడవ్. విచారణకు పోతే అదే చెప్త. ఫిలిపు నీళ్ళు మంచివే, తప్పు నాదే అని చెప్త."

నన్ను తిట్టమని అడుగుదామనుకున్న. ఒక్క తిట్టు. ఆమె మల్ల డ్రమ్ము లోపలికి తలపెట్టింది. తోముతున్న చప్పుడు డ్రమ్ములకెళ్ళి దూరంకెళ్ళి వచ్చినట్టు వచ్చింది.

జూన్ 23

రేపు విచారణ. మేడమ్ రిజిస్టర్ పట్టుకుని రమ్మన్నది. కాంట్రాక్టు పోతదని తెలుసు. స్టెల్లాకు ఇంకా చెప్పలే, గని ఆమెకు తెలుసనుకుంట. నీలం పెన్ను తానే తెచ్చి నా ముందల పెట్టిపోయింది.

నోటితోటి చెప్పాలంటే తిరుగుతలేదు. ఇన్నేండ్లల్ల ఈ నోరు నిజం చెప్తే ఎవ్వడు నమ్మలే, అబద్ధం చెప్తే ఊరంత నమ్మింది. అందుకే ముందుగల ఇండ్ల రాసి, రేపు ఇదే చూసి చదువుత.

పన్నెండో తారీఖు ఆరు ఇరవైకి నేను కిష్టక్క నల్లా తిప్పలే. గొట్టం పట్టలే. మందు చుక్క వెయ్యలే. సంచి జిప్పు గూడ తియ్యలే. ఆమె వణుక్కుంట చెప్తుంటే నాటకమనుకుని నవ్విన. ఆమె ఇచ్చిన చాయ్ తాగి, బండి సీటు మీద రిజిస్టర్ పెట్టి, పాయింట్ నాలుగని రాసిన. ఇంటికొచ్చి ఈ డైరీల గూడ రాసిన. రెండు పుస్తకాలల్ల ఉంటే నిజమైతదనుకున్న.

నిమ్మరసమన్న. శనగపిండన్న. బంతిపువ్వన్న. ఆ పసుపు నేను చూడలే. అది నేను పుట్టించింది.